తల ఊపొద్దు, నాయినా

"ఈ స్కాన్ పనికిరాదండీ," అన్నాడు వేణు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

రోహిణికి ఒళ్లు మండింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. హఫీజ్‌పేట్ దగ్గర సమ్మెకారులు నడిరోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తుంటే, తండ్రి పోచయ్యను మియాపూర్ నుంచి స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని సందులన్నీ తిరిగి మాదాపూర్ చేరింది. తీరా వస్తే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఈ ఇంజనీరు మాట ఇది!

"ఎట్ల పనికిరాదు? పోయినేడు తీసిండ్రు గద?"

"అదేనండీ. అప్పటి స్కాన్, ఇప్పటి స్కాన్ పక్కపక్కన పెట్టి, పార్కిన్సన్స్ వల్ల మెదడులో ఏ దారి ఎంత దెబ్బతిందో చూస్తాం. తల కదిలితే ఏమీ తెలీదు. మీ నాన్నగారికి వణుకు బాగా ఎక్కువైంది. ఇంకోసారి చూస్తా. అదీ చెడితే ఈ పరిశోధనలోంచి ఆయన్ని తీసెయ్యాలి."

పోచయ్య మొహం వాడిపోయింది. చెయ్యి వణుకుతోందని క్యాబ్ కంపెనీ స్టీరింగ్ లాక్కుంది. "నా తలకాయన్న ఒకరికి పనికొస్తది" అని ఈ స్కాన్ కోసం ఏడాదంతా ఎదురుచూశాడు.

"నేను గూడ లోపల కూసుంట," అంది రోహిణి. "మీ యవ్వారమేందో చూడాలె."

అద్దం అవతల పోచయ్య మళ్లీ స్కానర్ గొట్టంలోకి వెళ్లాడు. వేణు మైకు మీట నొక్కాడు. "పోచయ్య గారూ, బాగానే ఉన్నారాండీ? ఇంకాసేపే. కదలకండి, సరేనాండీ?"

కెమెరాలో పోచయ్య గడ్డం మెల్లగా కిందికి దిగి పైకి లేచింది.

రోహిణి పకపకా నవ్వింది. "ఓ సారూ! అది వణుకుడు గాదు. మీరు సరేనాండీ అంటున్నరు, మా నాయిన తలకాయ ఊపుతున్నడు. గంత మర్యాదగ అడిగితే జవాబియ్యకుంట ఉంటడా? గింత చదువు చదివి గిది తెల్వదా?"

వేణు మొహం పాలిపోయింది. "మాట్లాడకపోతే భయపడుతున్నారండీ. పొద్దున నేను ఊరుకుంటే కంగారుపడి బెల్ నొక్కేశారు."

అంటే నాయినకు మాట వినపడాలి, అనుకుంది రోహిణి. అది ఆయన్ని అడిగే మాట కాకూడదు.

"మైకు ఇటియ్యుండ్రి."

యంత్రం దడదడలాడింది. రోహిణి మైకు మీట నొక్కిపట్టి, కుర్చీని వేణు వైపు తిప్పుకుని మొదలుపెట్టింది.

"దిమాగుల దారులు చూస్తడట! ముందుగాల బయటికొచ్చి మియాపూర్ దారి చూడు. ఏసీల కూసొని, కాఫీ తాగుకుంట, మనిషి తల ఊపితే వణుకుడని రాస్తవా? మీ ఊర్ల ఎవ్వరు తలకాయ ఊపరా?"

"అదికాదండీ..."

"నోర్ముయ్! జవాబియ్యకు!"

కెమెరాలో పోచయ్య బొమ్మలా పడుకున్నాడు. కూతురు ఎవరినైనా కడిగేస్తుంటే మధ్యలో దూరకూడదని ఆయనకు ఇంట్లోనే అలవాటు. మీసం కింద చిన్న నవ్వు మాత్రం ఉంది.

వేణు చెవులు ఎర్రబడ్డాయి. అయినా తిట్టి తిట్టి రోహిణి వేలు జారితే, మీట మీద తన వేలు పెట్టి నొక్కిపట్టాడు, తిట్లు ఆగకుండా. అది చూశాక ఆమెకు తిట్లు కరువయ్యాయి. "నీ అంగి... అంగి గూడ మంచిగనే లేదు," అంది, గొంతు తగ్గించి. అబద్ధం. నీలం చొక్కా అతనికి బాగా నప్పింది.

తెర మీద రంగురంగుల దారులు చెదరకుండా విచ్చుకున్నాయి.

"పనికొస్తుందండీ!" వేణు కుర్చీలోంచి లేచాడు.

పోచయ్య బయటికొస్తూనే కూతురి వైపు చూశాడు. "మస్తు తిట్టినవు బిడ్డా. గింత ఓపికగ పడేటోడు మల్ల దొరకడు. జర ఆలోచన చెయ్యి."

"నాయినా!"

వేణు బూట్ల వైపు చూస్తూ అన్నాడు. "మళ్లీ స్కాన్ వచ్చే ఏడాదండీ. అప్పటిదాకా నన్నెవరు తిడతారు?"

రోహిణి స్కూటీ తాళం తీసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"తిన్నవా?"

"క్యాంటీన్ మూసేశారండీ."

"హఫీజ్‌పేట్ల రోడ్డు మీద అన్నం పెడుతున్నరు. నీ బండి మీద మా వెనక రా. ఆడ గూడ అండీ గిండీ అంటే మల్ల తిడుత. వస్తవా?"

వేణు గడ్డం ఛాతీకి తగిలేలా తల ఊపాడు.