రెండో తరగతి కొలతలు

శనివారం పొద్దున నర్సు తిరిగి తెచ్చి ఇచ్చిన తెల్లకోటు కత్తిరింపు బల్ల మీద పడి ఉంది. ఛాతీ దగ్గర ఒకటిన్నర అంగుళం వదులు. రెండు నెలల్లో ఇలా వెనక్కి వచ్చినవాటిలో ఇది మూడోది. నలభై ఏళ్లుగా ఇంటి ముందుగదిలో కుట్టుపని చేస్తున్న నాయనమ్మ కోటును తిరగేసి చూసింది. కుట్టులో దోషం లేదు. కొలతలోనే ఎక్కడో తేడా వచ్చింది. కొలిచిందీ కోసిందీ తనే.

బల్ల పక్కన నేల మీద బోర్లా పడుకుని, రెండో తరగతి చదివే మనవరాలు ఏదో రాసుకుంటోంది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని నాయనమ్మ దానికి గుండీ అని పేరు పెట్టింది.

"నాయనమ్మా, ఈ బల్ల నా జానతో తొమ్మిదిన్నర. నీ చెయ్యి పెట్టు, నీకెంతో చూద్దాం."

"ఇదేం చదువే తల్లీ! నీ ఈడుకి మాకు ఇరవయ్యో ఎక్కం నోటికొచ్చేది. మీకేమో బల్లలు కొలవడం, ఆకులు అతికించడం, ఇంట్లో ఎవరేం పని చేస్తారో బొమ్మలెయ్యడం!"

"ఎక్కాలు కూడా ఉన్నాయిలే. ముందు కొలిచి, తర్వాత పట్టికలో రాసి, ఆ తర్వాత ఐదు వాక్యాలు రాయాలి. సోమవారం చదవాలి."

అంతలో కొడుకు వచ్చాడు. ఎలక్ట్రీషియను, పనికి వెళ్లే తొందరలో ఉన్నాడు. కోటు చూడగానే అతని ముఖం మారింది.

"మూడోది కదమ్మా! ఇంక చాలు. కుట్టుమిషన్లు కొనేవాణ్ణి సాయంత్రం నాలుగింటికి రమ్మన్నాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే ఒప్పుకుంటావా? కళ్లు ఆనడం లేదు, చెయ్యి వణుకుతోంది. ఊరంతా చెప్పుకునేదాకా ఆగమంటావా?"

"సూదిలోకి దారం ఎక్కించమను, నీకన్నా ముందు ఎక్కిస్తాను! నా చెయ్యి వణకడం నువ్వెప్పుడు చూశావురా?"

"అత్తయ్యా, కోప్పడకండి. మీరు విశ్రాంతి తీసుకోవాలనే ఆయన బాధ," అంది కోడలు గుమ్మంలోంచి.

"విశ్రాంతా? ఆ మిషను తీసేసి, ఈ గదిలో నన్నూ ఓ స్టూలులా పెట్టుకోండి!"

నేల మీంచి గుండీ తల ఎత్తింది.

"నాన్నా, బల్లకి నలభై ఆరు రాయనా, నలభై ఎనిమిది రాయనా?"

"ఏదో ఒకటి రాయవే!"

"అలా రాస్తే టీచరు ఒప్పుకోదు. రెండు కొలతలు కలవకపోతే కొట్టెయ్యకూడదంది. ఎందుకు కలవలేదో కనుక్కోమంది."

నాయనమ్మ చటుక్కున అటు తిరిగింది. "దేనితో నలభై ఆరు?"

"సొరుగులో ఉన్న పాత టేపుతో. నీ మెళ్లో ఉన్నదానితో నలభై ఎనిమిది."

అప్పటికే గుండీ తన పన్నెండంగుళాల బడి స్కేలును రెండు టేపుల పక్కనా ఆనించింది. కొత్త టేపు మీద అది సరిగ్గా పన్నెండు. పాతదాని మీద పదకొండున్నర. "మూడుసార్లు చూడాలి," అని మళ్లీ పెట్టింది, మళ్లీ పెట్టింది. కొడుకు సంచిలోంచి తన ఇనుప టేపు తీసి, బల్లను ఆ చివర నుంచి ఈ చివరికి కొలిచాడు. నలభై ఎనిమిది.

నాయనమ్మకు ఒక్కొక్కటే అర్థమైంది. పాత టేపు ఏనాటి నుంచో సాగుతూ వచ్చింది. దానితోనే మనుషుల్ని కొలిచి, దానితోనే గుడ్డ కోసినంత కాలం ఆ సాగుడు ఎవరికీ తెలియలేదు. రెండు నెలల క్రితం కోడలు కొత్త టేపు కొనిపెట్టింది. వచ్చినవాళ్లకు కనబడేది కొత్తగా ఉండాలని, మనుషుల్ని కొలవడానికి నాయనమ్మ అది వాడింది. కోతకు మాత్రం చేతికి అలవాటైన పాతదే ఉంచుకుంది. కొత్తదానితో ముప్పై ఆరు కొలిచి, పాతదానితో ముప్పై ఆరు కోస్తే, గుడ్డ ముప్పై ఏడున్నర.

కొడుకు ఇనుప టేపు చుట్టేసి, ఫోను తీశాడు. "రావద్దండీ. మిషను అమ్మడం లేదు," అన్నాడు. తర్వాత తల్లి పక్కన బల్ల మీదే కూలబడ్డాడు. "కొలవకుండానే తేల్చేశానమ్మా."

"పోనీలేరా. నా గుండీ నా పక్షాన నిలబడింది, అదే చాలు," అంటూ ఆమె మనవరాల్ని దగ్గరికి లాక్కుంది.

గుండీ విడిపించుకుంది. "నేను ఎవరి పక్షమూ కాదు. నువ్వు తప్పు కొలిచావని తేలితే అదే రాసేదాన్ని."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ మాత్రం పకపకా నవ్వింది. ఆ జవాబుకు ఆమెకు కలిగినంత గర్వం, ఇన్నేళ్లలో ఎవరు మెచ్చుకున్నప్పుడూ కలగలేదు.

సోమవారం ఆమె మనవరాలి వెంట బడికి వెళ్లింది. తరగతి గుమ్మం దగ్గర నిలబడింది. గుండీ పట్టిక చూపించి, తన ఐదు వాక్యాలు గట్టిగా చదివింది.

"మా నాయనమ్మ బట్టలు కుడుతుంది. ఆమె దగ్గర రెండు టేపులున్నాయి. పాత టేపు సాగింది. అందుకే బట్టలు వదులయ్యాయి. ఆమె చేతులు బాగున్నాయి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. "మరి మీ నాయనమ్మ అన్నేళ్లు కుట్టింది కదా, ఆ టేపు ఎందుకు చూసుకోలేదు?"

గుండీ కాగితం వైపు చూసింది. అందులో లేదు. టీచరు వైపు చూసింది. "నువ్వు చూడనిది రాయలేవుగా," అంది టీచరు మెల్లగా. "తెలిసినవాళ్లను అడగాలి."

అన్ని తలలూ గుమ్మం వైపు తిరిగాయి. నాయనమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. చెప్పులు విడిచి, ముప్పైమంది రెండో తరగతి వాళ్ల ముందుకు వచ్చి నిలబడింది.

"నాకు తెలుసనుకున్నానమ్మా," అంది. "అందుకే చూసుకోలేదు."

గుండీ పెన్సిలు తీసి, ఆరో వాక్యం రాసుకుంది.