పక్క వెలుతురు

నా కళ్ళజోడుకు ఎర్ర స్టిక్కర్ అంటించారు. ఎవరికి? నాకు. పిల్లలకు స్కీ నేర్పే మాస్టారిని, మంచులో పుట్టి మంచులో పెరిగినవాణ్ని, ఈ ఏడు శిఖరం ఎక్కే బృందానికి తాడు ముందు నడవబోయేవాణ్ని. అంటించింది ఎవరయ్యా అంటే, చదువు పూర్తిచేసి నిన్నగాక మొన్న కౌంటరు వెనక కూర్చున్న ఒక అమ్మాయి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సంగతి మొదటినుంచీ చెబుతాను, న్యాయం మీరే చెప్పండి.

మా పర్వతారోహణ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. శిఖరానికి బయల్దేరేముందు ప్రతి ఒక్కరూ తమ చలువ కళ్ళద్దాలు పట్టుకుని సందు చివరున్న కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళాలి. పనికొస్తాయంటే ఆకుపచ్చ స్టిక్కర్, పనికిరావంటే ఎరుపు. ఎరుపు పడితే మంచు మీదికి రానివ్వరు. ఇన్నేళ్ళూ ఆ పని షాపు తాతగారు చేసేవారు. కళ్ళజోడు అందుకుని, బల్బుకేసి ఎత్తి ఒక్క చూపు చూసి, ఆకుపచ్చ అంటించి, టీ తాగి వెళ్ళమనేవారు. అంత మర్యాదగల మనిషి. ఈ ఏడు ఆయన కుర్చీ వెనక గదిలోకి మారింది. కౌంటరు దగ్గరికి కళ్ళ పరీక్షల చదువు చదువుకొచ్చిన ఆయన మనవరాలు వచ్చింది.

నా కళ్ళజోడు గురించి కూడా చెప్పాలి. సన్నటి ఫ్రేము, నీలంగా మెరిసే అద్దాలు. ఎదుటివాళ్ళకు అందులో వాళ్ళ మొహమే కనిపిస్తుంది. అది పెట్టుకుని నేను వాలు మీంచి దిగుతుంటే జనం ఆగి చూస్తారు. ఆ అమ్మాయి మాత్రం దాన్ని బల్బుకేసి ఎత్తనైనా ఎత్తలేదు. నన్ను పక్కనున్న చీకటి గదిలోకి తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకోమని లైటు తీసేసింది. చేతిలో చిన్న టార్చి. వెలుగు ముందునుంచి వేయలేదు. చెవి పక్కనుంచి, కనుబొమ పైనుంచి, చెంప కిందనుంచి వేస్తూ, వంగి నా మొహంలోకి చూస్తోంది. అంత దగ్గర్నుంచి నన్ను మా అమ్మ తప్ప ఎవరూ చూసి ఎరగరు.

"ముందువైపు బాగానే ఉందండీ," అంది. "పక్క వెలుతురంతా లోపలికి వస్తోంది. మంచు మీద ఎండ పైనుంచే రాదు, కిందనుంచి కూడా కొడుతుంది. ఇది వీధిలో తిరగడానికైతే సరిపోతుంది."

వీధిలో తిరగడానికి. అంటే ఆవిడ కంటికి నేను పనీపాటా లేక వీధులు కొలిచేవాడిలా కనిపించానన్నమాట. లైటు వేసేసరికి నా ఫ్రేము మీద గుండ్రటి ఎర్ర స్టిక్కర్ ఉంది.

ఇన్నేళ్ళుగా ఇదే పెట్టుకుంటున్నాననీ, నాకేమీ కాలేదనీ అన్నాను. కళ్ళు పరీక్ష చేయకుండా ఏమీ కాలేదని తను ఒప్పుకోలేనంది. సరే, పనికొచ్చేదేదో చూపించమన్నాను. అల్మారాలోంచి ఆమె ఒక వస్తువు తీసింది. గుండ్రటి అద్దాలు, రెండు పక్కలా తోలు రెక్కలు, వెనక మెడకు వేసుకునే తాడు. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే వెల్డింగ్ షాపులో కొత్తగా చేరినవాడిలా ఉన్నాను. ఆ మాటే పైకి అన్నాను. వెల్డింగ్ చేసేవాళ్ళకు తమ కళ్ళ విలువ తెలుసండీ అంది, నవ్వైనా దాచుకోకుండా. విసురుగా బయటికొచ్చేశాను.

ఇంటికెళ్ళి చెప్పుకుంటే జాలిపడతారనుకున్నాను. అమ్మ బట్టలు మడతపెడుతూ, ఆ పిల్లే తనకు కొత్త కళ్ళజోడు చేసిపెట్టిందనీ, ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటున్నాననీ ఒకటే మెచ్చుకోలు. అక్క నన్ను ఎగాదిగా చూసి, "కళ్ళు నెత్తికెక్కినవాడికి కళ్ళజోడెందుకురా?" అంది. సొంత ఇంట్లోవాళ్ళే ఇలా మాట్లాడితే ఇంకెవరికి చెప్పుకోవాలి?

మిగిలింది మామయ్య. మా అమ్మ తమ్ముడు, క్లబ్బు ప్రెసిడెంటు. నన్ను తాడు ముందు నిలబెట్టాలని నిర్ణయించింది ఆయనే. తాడు ముందు నడవడమంటే మాటలు కాదు. అడుగెక్కడ వేయాలో, ఎక్కడ ఆగాలో ముందున్నవాడు చెబితే వెనక తాడుకు కట్టుకున్నవాళ్ళందరూ వినాలి. చిన్నప్పటినుంచీ మామయ్య వీపు చూస్తూ కొండలెక్కినవాణ్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా ముందు ఎవరి వీపూ లేకుండా ఆ శిఖరాన్ని చూడాలన్నది నా కోరిక. మేనల్లుణ్ని కదా, ఆ ఎర్ర స్టిక్కర్ సంగతి చూసీచూడనట్టు వదిలేయమని బతిమాలాను. శిఖరానికి వెళ్ళేముందు ఆదివారం ట్రయల్, ఆలోగా ఆకుపచ్చ తెచ్చుకోకపోతే తాడు ముందు ఇంకొకరుంటారని చెప్పి ఆయన పేపరు తిరగేసుకున్నాడు.

నేనూ తక్కువవాణ్ని కాను. అట్టముక్కలు కత్తిరించి, నల్ల టేపుతో నా ఫ్రేము పక్కలకు అంటించుకుని మళ్ళీ షాపుకెళ్ళాను. మళ్ళీ చీకటి గది, మళ్ళీ స్టూలు. ఈసారి టార్చి వణుకుతోంది. చలికేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటోందని అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళీ ఎరుపే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం.

మర్నాడు పంతం కాస్త దించుకుని, షాపులో అన్నిటికంటే నల్లవి ఏవో అవి ఇమ్మన్నాను. నలుపు ఎక్కువైతే మంచిదనుకోవడం పొరపాటని మొదలుపెట్టింది. అంత నల్లవి ఎత్తైన చోట, బాగా ఎండ ఉన్నప్పుడే పెట్టుకోవాలట. వాటితో బండి నడపకూడదట. స్కీ చేసేటప్పుడు మబ్బు పడితే ఎదురుగా ఉన్న గుంట కూడా కనిపించదట. అందుకని ఫ్రేము ఒకటే ఉంచుకుని, మబ్బుకు లేతరంగు అద్దాలు మార్చుకోవాలట. స్కీ మాస్టారికి స్కీ గురించి పాఠం. పళ్ళు నూరుకుంటూ విన్నాను. చివర్లో మామూలుగా ఒక మాట అడిగింది.

"ఇన్నాళ్ళూ మబ్బు రోజున ఏం పెట్టుకునేవారు?"

"ఏమీ లేదు. తీసి నెత్తిమీద పెట్టుకునేవాణ్ని."

ఆమె చేతిలోది కింద పెట్టేసింది. ఆమెకు కోపం రావడం అదే మొదటిసారి చూశాను.

"కళ్ళు మండుతున్నాయని మా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళలో మబ్బు రోజు మంచులో తిరిగినవాళ్ళే ఎక్కువండీ. మబ్బు వేడిని ఆపుతుంది గానీ కంటిని కాల్చే కిరణాల్ని పూర్తిగా ఆపదు. ఆ పూటకేమీ తెలీదు. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. పిల్లలకు కూడా ఇదే నేర్పుతున్నారా?"

జవాబు దొరకనప్పుడు నాకు కోపం రెట్టింపవుతుంది. మీరెప్పుడైనా మంచు మీద నిలబడ్డారా అని అడిగాను. లేదంది. చీకటి గదిలో కూర్చుని మంచు గురించి పాఠాలు చెప్పేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాననీ, ధైర్యముంటే ఆదివారం ట్రయల్‌కు రమ్మనీ అన్నాను. వెనక గదిలో తాతగారు దగ్గారు. ఆమె నా ముక్కు కొలత తీసుకుని, తోలు రెక్కలు చెంపకు ఆనేలా సరిచేసి, ఆకుపచ్చ స్టిక్కర్ అంటించి నా చేతిలో పెట్టింది.

"వస్తాను," అంది.

అలా వెల్డింగ్ అవతారమెత్తి తాడు ముందు చోటు నిలబెట్టుకున్నాను.

ఆదివారం కొండంతా మబ్బు కమ్మింది. ఆమె నిజంగానే వచ్చింది. ఎవరివో అరువు బూట్లు, మెడకు పసుపుపచ్చ ఉన్ని మఫ్లరు, కళ్ళకు తోలు రెక్కల కళ్ళజోడు. ఆ గుండ్రటి అద్దాలు నాకు ఎంత అన్యాయం చేశాయో ఆమెకు అంత బాగున్నాయి. అదొక మంట. మామయ్య కింద గుడారం దగ్గర ఆగిపోయి బృందాన్ని నాకు అప్పజెప్పాడు. మొదటి వాలు ఎక్కేసరికే ఆమెకు ఆయాసం. ఇంకో నాలుగడుగులకు కాలు జారి మంచులో కూలబడింది. లోలోపల సంతోషించలేదంటే అబద్ధం.

జెండా పాతిన చదునైన చోట ఆమెను నిలబెట్టాను. ఒంటరిగా దిగితే మంచు పగుళ్ళలో పడే ప్రమాదముంది కాబట్టి, మేం తిరిగొచ్చేదాకా అంగుళం కదలొద్దని గట్టిగా చెప్పాను. అందరూ నడుములకు తాడు కట్టుకున్నారు. నేను ముందుకు నడిచాను. నా ముందు ఎవరి వీపూ లేదు, ఉన్నదంతా కొండే. ఆ ఆనందంలో పూటంతా ఎలా గడిచిందో తెలియలేదు.

తిరిగొచ్చేసరికి ఆమె జెండా దగ్గరే, మఫ్లరు మొహానికి చుట్టుకుని నిలబడి ఉంది. చలిగా ఉందంది. టోపీ కిందికి లాక్కుని, మా బృందంలోని లెక్కల టీచరుగారి చెయ్యి పట్టుకుని కిందికి దిగింది. ఆమెకు తగిన శాస్తి జరిగిందనుకుని ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

తెల్లారగానే మామయ్య పిలిపించాడు. తాడు చివర నడిచిన లెక్కల టీచరుగారు ఆయన ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు. జెండా దగ్గర తాడు కట్టుకునేటప్పుడు ఆవిడ కళ్ళజోడు జారి పగుల్లో పడిపోయిందట. నేను చూస్తే వెనక్కి పంపేస్తానని ఆవిడ భయపడితే, ఈ షాపు మహాతల్లి తన కళ్ళజోడు తీసి ఆవిడకు పెట్టిందట. రాత్రినుంచి కళ్ళు తెరవలేకపోతోందట.

"తాడు ముందున్నవాడు ముందుకు చూస్తే చాలదురా," అన్నాడు మామయ్య. "కదిలేముందు వెనక్కి తిరిగి ఒక్కొక్క మొహం చూడాలి. నువ్వు చూడలేదు. శిఖరానికి వెళ్ళేటప్పుడు తాడు చివర నడువు."

అయిపోయింది. కళ్ళజోడు పారేసుకున్నది ఒకరు, దానం చేసింది ఇంకొకరు, శిక్ష నాకు. ఇదెక్కడి న్యాయం? అక్కణ్నుంచి సరాసరి షాపుకు నడిచాను. దారి పొడుగునా ఆమెను అనాల్సిన మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. తాతగారు నా మొహం చూసి, చీకటి గది వైపు చెయ్యి చూపించారు.

వెలుతురు పడితే కళ్ళు మండుతాయని లైటు తీసేసుకుని కూర్చుంది. అదే స్టూలు. కళ్ళ మీద తడిగుడ్డ. డాక్టరు చూశారనీ, రెండ్రోజుల్లో పూర్తిగా తగ్గిపోతుందనీ, భయమేమీ లేదనీ నేను అడక్కముందే చెప్పింది. అయినా వదల్లేదు. ఊరందరికీ ఎర్ర స్టిక్కర్లు అంటించేదెవరన్నాను. మబ్బు రోజు గురించి నన్ను నిలబెట్టి కడిగిందెవరన్నాను. చెప్పేవి శ్రీరంగ నీతులన్నాను. మీ దానగుణం వల్ల నా తాడు పోయిందన్నాను. ఆ కోపం తాడు గురించి కాదని నాకూ తెలుస్తూనే ఉంది.

"కదలొద్దన్నది మీరేగా," అంది నెమ్మదిగా.

"కదలొద్దన్నాను. కళ్ళు తెరుచుకుని నిలబడమన్నానా? మెడలో మఫ్లరుంది. కళ్ళకు కప్పుకోవాలని మీకు ఒకరు చెప్పాలా?"

"కప్పుకున్నాను."

"మరి?"

"మధ్యమధ్యలో తీసి చూశాను."

"ఏం చూశారు? కొండ ఎక్కడికైనా పారిపోతుందా?"

ఆమె తడిగుడ్డ సర్దుకుంది.

"తాడు ముందున్న మనిషిని," అంది. "ఒక్కసారైనా వెనక్కి తిరుగుతారేమోనని."

అంత కోపంతో వచ్చినవాణ్ని, అక్కడే గోడకు చేరబడి కింద కూర్చున్నాను. పూటంతా ఒక మనిషి కళ్ళు కాల్చుకుంటూ నన్ను చూస్తే, నేను ఎవరి వీపూ కనిపించడం లేదని మురిసిపోయాను. ఆ పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"మిమ్మల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుందండీ," అన్నాను చివరికి.

"తెలుసు."

"అయినా రోజూ చూడాలనిపిస్తుంది. అట్టముక్కలు అంటించుకుని ఆ రోజు ఎందుకొచ్చానో నాకిప్పుడు అర్థమవుతోంది."

"నాకు అప్పుడే అర్థమైంది," అంది.

చూశారా, అందులో కూడా నాకంటే ముందే. మండిపోయి, తడుముకుంటూ బల్ల మీదున్న ఎర్ర స్టిక్కర్ల చుట్ట అందుకుని, ఒకటి తీసి ఆమె మెడలోని మఫ్లరుకు అంటించాను. ఏం చేస్తున్నారని అడిగింది. మఫ్లరును పరీక్ష చేశాననీ, మాటిమాటికీ కళ్ళ మీంచి పక్కకు జరుగుతోంది కాబట్టి పనికిరాదనీ చెప్పాను. నవ్వించకండి, నీళ్ళు కారి ఇంకా మండుతున్నాయని మొత్తుకుంటూనే నవ్వింది. తాడు చివరనుంచైతే అందరూ కనిపిస్తారు కదా అని కూడా అంది. ఆ మాటకు కోపం తెచ్చుకుందామని గట్టిగా ప్రయత్నించాను, రాలేదు.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. తాతగారు ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలీదు. వేలితో సైగ చేసి నన్ను షాపులోకి పిలిచారు. నా భుజాలు పట్టుకుని మొహం బల్బుకేసి తిప్పారు. ఒక్క చూపు చూశారు. కౌంటరు మీంచి ఆకుపచ్చ స్టిక్కర్ తీసి నా చొక్కా జేబు మీద అంటించి, టీ తాగి వెళ్ళు నాయనా అన్నారు.

లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది. "తాతయ్యా, చీకటి గదిలో పరీక్ష చేయకుండా ఎవరికీ ఆకుపచ్చ అంటించొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఆ పరీక్ష నువ్వు జన్మంతా తీరిగ్గా చేసుకో అమ్మా," అన్నారు తాతగారు.

చూశారుగా, తాతా మనవరాలూ కలిసి నా సంగతి తేల్చేశారు. నన్నొక్క మాట అడిగితే ఒట్టు.