అమ్మ నోట ‘మీరు’

“మీరు కూర్చోండి, ఇప్పుడే వడ్డిస్తాను” అంది తల్లి.

కూతురు చేతిలో సంచి ఇంకా కింద పెట్టనే లేదు. చాన్నాళ్ల తర్వాత గడప తొక్కిన పిల్లతో కన్నతల్లి మాట్లాడే తీరేనా ఇది! ‘ఏమే, ఇలా చిక్కిపోయావేం’ అనలేదు. ‘ఇన్నాళ్లకు గుర్తొచ్చానా’ అని దెప్పనూ లేదు. దెప్పినా బాగుండేది... దెప్పడంలో కూడా ఒక చనువుంటుంది. పరాయివాళ్లకు ఇచ్చినట్టు గ్లాసును పళ్లెంలో పెట్టి మంచినీళ్లు తెచ్చింది. కూతురు ఆ నీళ్లు ముట్టుకోలేదు. సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లిపోయింది.

తండ్రి పోయాక ఆ తల్లి బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. కొడుకు స్థిరపడ్డాడు, కోడలు ఇంటికొచ్చింది, కూతురికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే కూతురు ఆ ఉద్యోగం మానేసి, జర్మానిక్ భాషల్లో పీజీ చేస్తానంది. అవెక్కడి భాషలే అని తల్లి అడిగితే జర్మన్, డచ్, స్వీడిష్ అని వరుసగా చెప్పి, ఇంగ్లీషు కూడా ఆ ఇంటి పిల్లేనంది. “ఊళ్లో వాళ్ల పిల్లల వంశం సంగతి నీకెందుకే? నీ బతుకు చూసుకో” అంది తల్లి. మాటా మాటా పెరిగింది. కూతురు పెట్టె సర్దుకుని బయల్దేరిన రోజు తల్లి మిషన్ ముందు నుంచి లేవనే లేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆ మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అందుకే ఆ ‘మీరు’ అంటే ఏమిటో కూతురికి అనుమానమే రాలేదు. తల్లికి కోపమొస్తే తిట్టదు, కొట్టదు. ‘మీరు’ అంటుంది. చిన్నప్పుడు ఎవరిదో కొత్త జాకెట్టు గుడ్డ కత్తిరించి బొమ్మకు లంగా చేసినప్పుడూ అంతే. “తమరి ఘనకార్యం అయిందిగా, ఇక మీరు అన్నం తినండి” అంది. ఆ ఒక్క మాటకు పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. చివరికి తల్లే దగ్గరికి లాక్కుని, “చాల్లే, ముక్కు తుడుచుకో” అన్నాక గానీ ఊపిరి ఆడలేదు.

విచిత్రమేమిటంటే, పీజీలో ఆమె రాస్తున్న పరిశోధన వ్యాసం కూడా సరిగ్గా దాని మీదే! జర్మన్‌లో ‘డూ’ అంటే నువ్వు, ‘జీ’ అంటే మీరు. పాత నాటకాల్లో అంతవరకూ ‘డూ’ అని పిలుచుకున్నవాళ్లు ఉన్నట్టుండి ‘జీ’లోకి మారితే, అక్కడ ఏదో తెగిపోయిందన్నమాట. ప్రేమో, నమ్మకమో, రక్తబంధమో... అలాంటి చోట్లన్నీ వెతికి వెతికి పట్టుకునేది. నీ చెవి చాలా పదునైనదమ్మా అని ప్రొఫెసరమ్మ మెచ్చుకుంది. ఆ పదును చెవే ఆమె కొంప ముంచింది.

ఫోన్ చేస్తే తల్లి, “బాగున్నారా? భోజనం చేశారా?” అనేది. ఆ మర్యాద ఈమెకు వాత పెట్టినట్టుండేది. అత్తయ్యకు మతి నిలవడం లేదు, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది, ఒకసారి రమ్మని వదిన చెప్పింది. “పాలు మర్చిపోతుందేమో గానీ, పంతం మర్చిపోదులే వదినా” అని ఫోన్ పెట్టేసింది. అమ్మ తనను ‘నువ్వు’ అని పిలిచేదాకా తానై వెళ్లకూడదని ఒట్టు పెట్టుకుంది. తల్లికి తగ్గ మొండిఘటం మరి! చదువు పూర్తయింది, వ్యాసానికి మంచి పేరొచ్చింది. ఆ ఒట్టు మాత్రం అలాగే ఉంది.

చివరికి, దారం కొనడానికి వీధి చివరి కొట్టుకు వెళ్లిన తల్లి ఇల్లు తెలియక బస్టాండులో కూర్చుని ఉందని వదిన ఏడుస్తూ ఫోన్ చేసిన రోజున కూతురు పరుగెత్తుకొచ్చింది. వదినా తనూ కలిసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అవీ ఇవీ అడిగి, కూతురిని చూపించి ఈవిడెవరమ్మా అన్నాడు. తల్లి పరీక్షగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, పంతం లేదు.

“తెలిసినావిడేనండీ. అప్పుడప్పుడూ మా ఇంటికొస్తుంటారు. పాపం, మంచి మనిషి.”

ఇది ఎప్పట్నుంచి అని డాక్టరు అడిగితే వదిన తల వంచుకుంది. ఆడపడుచుకు పళ్లెంలో నీళ్లు తెచ్చి ఇచ్చిన రోజే తనకు భయం పట్టుకుందని మెల్లగా చెప్పింది. అంటే... అది అలక కాదు! కోపగించుకోవడానికైనా కూతురు గుర్తుండాలి కదా! పరాయి భాషల్లో వందల ‘మీరు’లకు అర్థం చెప్పిన మనిషి, అమ్మ అన్న ఒక్క ‘మీరు’కు అర్థం తప్పు చెప్పుకుంది. తనను కాస్తో కూస్తో గుర్తుపట్టగలిగిన రోజులన్నీ అలా పంతానికి ధారపోసేసింది. ఆసుపత్రి వసారాలో వదిన భుజం మీద తల పెట్టి కుళ్లి కుళ్లి ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం తల్లీ కూతుళ్లిద్దరే మంచం మీద కూర్చున్నారు. తల్లి ఉన్నట్టుండి గొంతు తగ్గించి, “మాకో అమ్మాయి ఉందండీ” అంది. “పెద్ద చదువు చదువుతోంది. వెళ్లేటప్పుడు నేనే నోరు జారాను. గుమ్మం దాకా అయినా వెళ్లలేదు. అది ఒట్టి మొండిది, అలిగింది. దానికి ఆకలేస్తే అడగడం కూడా రాదు. మీకెక్కడైనా కనిపిస్తే, అమ్మకేం కోపం లేదని చెప్తారా?”

‘అది’, ‘దానికి’... ఇన్నాళ్లూ కూతురు ఎదురుచూసిన చనువంతా ఆ మాటల్లోనే ఉంది. కాకపోతే ఆ మాటలు చెబుతున్నది తనకు కాదు.

“చెప్తానండీ” అంది కూతురు. పుట్టి బుద్ధెరిగాక తల్లిని అలా అనడం అదే మొదలు.

“మీకు అమ్మ ఉందా?”

“ఉందండీ.”

“మరి ఇంకా ఇక్కడే కూర్చున్నారేం? వెళ్లండి. పాపం, చూస్తూ ఉంటుంది.”

కూతురు కాదనలేదు. లేచి బయటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, కళ్లు తుడుచుకుంది. తర్వాత తలుపు మెల్లగా తట్టి లోపలికి వచ్చింది.

“ఎవరు కావాలండీ?” అని అడిగింది తల్లి.

“మీరేనండీ” అంది కూతురు.

తల్లి కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.