ఒక్క గింజ కూడా మిగల్లేదు

లక్షన్నర శవాలు.

ఆదివారం ఉదయం పదిన్నరకి ఎస్సై సత్యవాణి జీపు దిగి గట్టెక్కేసరికి, ఎకరం చెరువు చుట్టూ నీటి వార పొడవునా తెల్లగా పేరుకుని ఉన్నాయి. రొయ్యలు. ఎనభై ఆరు రోజుల పంట. బుధవారం వల లాగి పట్టుబడి చెయ్యాల్సింది.

ఏరియేటర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చచ్చినవాటికి గాలి కొడుతున్నాయి.

కాపలా మనిషి సీమోను గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ కొంగల్ని తోలుతున్నాడు. ఆ విషం తిని అవి కూడా చస్తాయని అతని బాధ. అరవై దాటినవాడు. షెడ్డు దగ్గర అయిదారుగురు కుర్రాళ్ళు నిలబడి, కాపలా వదిలేసి చర్చికి పోయినవాణ్ణి ముందు కట్టెయ్యాలని తీర్మానాలు చేస్తున్నారు. వాళ్ళలో ఒక్కడూ ఒక్క కొంగనీ తోలడం లేదు.

సత్యవాణికి ఒళ్ళు మండింది. ఆమె తండ్రి ఇరవై ఏళ్ళు ఇలాంటి గట్ల మీదే కాపలా కాశాడు. కుర్రాళ్ళని అక్కణ్ణుంచి కదలమంది. రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

చెరువు లక్ష్మీదుర్గది. రాజోలు అవతల, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల. భర్త పోయి అయిదేళ్ళు. వేసిన మొదటి రెండు పంటలూ తెగులుకి పోయాయి. ఇల్లు గడవక, కన్నతల్లి పైడమ్మని ఆలమూరులో తమ్ముడింట్లో దింపి వచ్చింది. ఈసారి పంట తేలింది. అందుకే తెల్లవారకుండానే వెళ్ళి తల్లిని తెచ్చుకుంది. తొమ్మిదిన్నరకి ఆటో దిగిన పైడమ్మ, గుడ్డసంచి చేత్తో పట్టుకుని ఇప్పటికీ గట్టు కిందే నిలబడి ఉంది. పదడుగుల దూరంలో కూతురి ఇల్లు. గడప తొక్కనంటోంది.

“అమావాస్య పూట వచ్చేనమ్మా నేను” అంది సత్యవాణితో. “నా పాదమే ఇలా చేసింది. రేపు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను.”

ఊళ్ళో అప్పటికే నలుగురు ఆ మాట అనేశారు. ముసలావిడ వినేలాగే అన్నారు.

లక్ష్మీదుర్గ ఏడవడం లేదు. అడిగినదానికి జవాబు చెబుతోంది.

“ఎన్నింటికి బయలుదేరేరు?”

“నాలుగుంపావుకండి.”

“సీమోను?”

“అయిదుంపావుకి ప్రార్థనకి వెళ్ళేడండి. ప్రతి ఆదివారం ఆ రెండు గంటలూ నేనే గట్టు మీద ఉంటాను. ఈ ఒక్క వారం లేను. మానేస్తానన్నాడండి, నేనే వెళ్ళమన్నాను.”

“మీరు ఉండరని ఎవరికి తెలుసు?”

లక్ష్మీదుర్గ ఫోను తీసి చూపించింది.

“మా గ్రూపులో పెట్టేనండి. బయట ఎవరికీ చెప్పలేదు. ఆటో కూడా ఆలమూరుదే, తమ్ముడు పంపించేడు.”

ఆ గ్రూపు పేరు ‘కష్టం సుఖం’. ఏడుగురు ఆడవాళ్ళు. అందరివీ రొయ్యల చెరువులే. మగవాళ్ళ గ్రూపుల్లో ఏదైనా సలహా అడిగితే నవ్వే బొమ్మలు పెట్టేవారట. అందుకని మూడేళ్ళ కిందట కనకరత్నం అనే ఆవిడ వాట్సాప్‌లో దీన్ని పెట్టింది. నియమం ఒక్కటే. పొద్దున్నే అందరూ చెక్ ట్రే ఫోటో పెట్టాలి, కింద ఒక కష్టమో సుఖమో రాయాలి. చెక్ ట్రే అంటే చెరువులోకి దింపే వల పళ్ళెం. అందులో వేసిన మేత ఎంత తిన్నాయో చూసి రొయ్య ఆరోగ్యం చెబుతారు.

సత్యవాణి లక్ష్మీదుర్గ ఫోను తీసుకుని జీపులో కూర్చుని చదివింది. చెడిపోయిన మిక్సీలు, అత్తగార్ల మోకాళ్ళు, లెక్కల్లో తప్పిన పిల్లలు, నీళ్ళలో వైరస్, ఇంట్లో మొగుడు. ఒకావిడ ఏడిస్తే ఆరుగురు ఓదార్చారు. అందరికంటే ముందు ఎప్పుడూ కనకరత్నమే. చదువుతుంటే ఇలాంటి గుంపు తనకీ ఒకటి ఉంటే బాగుండునని సత్యవాణికి అనిపించింది. వెంటనే చిరాకేసింది. మిగతా ఆరుగురిలో ఒకావిడ చేతికి విషం అంటి ఉంది.

శనివారం సాయంత్రం 6.40. లక్ష్మీదుర్గ: “రేపు మా అమ్మని తెచ్చుకుంటున్నా. పొద్దున్న గట్టు మీద ఉండను, ట్రే ఫోటో అడక్కండి.” ఎవరో అమావాస్య పూట ప్రయాణమేంటే అన్నారు. నాకు కుదిరిన రోజే మంచిరోజు అంది ఈవిడ.

ఆదివారం 5.35. యామిని అనే ఆమె ట్రేలో సగం మేత అలాగే ఉంది. “ముట్టుకోలేదు. అలకలో మా ఆయన్ని మించిపోయేయి.”

5.52. కనకరత్నం. అద్దంలా ఉన్న ట్రే, మధ్యలో నాలుగు నిగనిగలాడే రొయ్యలు. “ఒక్క గింజ కూడా మిగల్లేదు. అందరికీ శుభోదయం.”

6.05. లక్ష్మీదుర్గ. “జొన్నాడ వంతెన మీదున్నా. గోదారి ఎర్రగా ఉంది.”

6.07. కనకరత్నం. “నా బంగారానికి మంచిరోజులొచ్చేయి.” పక్కన ఒక పువ్వు.

7.50. లక్ష్మీదుర్గ. “సీమోను ఫోన్ చేసేడు. చెరువు పోయింది.”

7.51. కనకరత్నం. “ఏడవకే. నేనున్నాను.”

హెడ్ కానిస్టేబుల్ బంగారరాజు మాత్రం ఈ గొడవంతా అనవసరం అన్నాడు. పక్క చేను కేశవరావుది. వరి రైతు. చెరువు ఉప్పునీళ్ళు చేలోకి ఊరుతున్నాయని పోయినేడు పదిమందిలో లక్ష్మీదుర్గని తిట్టి, నీ చెరువు ఎండగడతానని ఒట్టు పెట్టుకున్నాడు. వరిలో కొట్టే పురుగుమందు డబ్బా ఇప్పుడు అతని పంటకాలవలోనే దొరికింది. ఊరి పెద్ద ఒకాయన అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, ఇంకా పట్టుకోలేదేమని అడిగాడు. మూడోసారి సత్యవాణి ఫోన్ ఎత్తలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి కేశవరావు చేను గట్టున గొయ్యి తవ్వుతున్నాడు. పక్కన పదకొండు బాతులు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి.

“ఆ కాలవలోనే తిరుగుతాయండి నా బాతులు. పోసేది నేనయితే డబ్బా అందులో పడేస్తానా అండీ?” పార పక్కన పెట్టాడు. “ఉప్పునీళ్ళ మీద కోపం ఉందండి. ఇప్పటికీ ఉంది. ఆయ్. కేసెయ్యండి, కోర్టుకి రమ్మనండి, వస్తాను. అంతేగానీ చెరువులో విషం పొయ్యనండి.”

సత్యవాణి నమ్మింది. అతని మాటల్ని కాదు, ఆ పదకొండు బాతుల్ని. డబ్బా ఎవరో కావాలని అతని కాలవలో వేశారు. పోసిందే కాక, ఇంకొకణ్ణి ఇరికించడానికి కూడా తీరిక చేసుకున్నారు.

ఆ మధ్యాహ్నమంతా గ్రూపులోని ఆరుగురి ఇళ్ళకీ తిరిగారు. తెల్లవారుజామున ఎక్కడున్నారంటే అందరిదీ ఒకే జవాబు. మా చెరువు మీదే అండి, ఇదుగో ట్రే ఫోటో. ఆ పొలాలన్నిటికీ ఉన్నది ఒకే సెల్ టవర్. ఎవరు ఏ గట్టు మీదున్నారో అది చెప్పదు.

“అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్నట్టుందండి” అన్నాడు బంగారరాజు. మేడమ్ మొహం చూసి నవ్వు మింగేశాడు.

కనకరత్నం ఇంట్లో వాళ్ళకి కాఫీ ఇచ్చారు. యాభై దాటిన మనిషి. ఒక్క పంట కూడా పోగొట్టుకోని చెయ్యి ఆవిడది. లక్ష్మీదుర్గ మాటెత్తగానే కళ్ళు తుడుచుకుంది. పాపిష్టివాళ్ళెవరో వదలొద్దమ్మా అంది.

సోమవారం తొమ్మిదింటికి రాజోలు ఆక్వా ల్యాబ్ నుంచి రామ్మూర్తి ఫోన్ చేశాడు. పురుగుమందే. సీమోను వచ్చిన ఏడున్నరకి రొయ్య పైకి తేలి కొట్టుకుంటోందంటే, పోసింది అయిదున్నరకీ ఆరున్నరకీ మధ్య. సత్యవాణి చేతిలో ఉన్నది ఒక్క పగలు. సాయంత్రం ఆరింటి బస్సుకి పైడమ్మ వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే, అమావాస్య పూట వచ్చి కూతురి కొంప ముంచిన మనిషిగానే బతుకుతుంది. తర్వాత ఏ కోర్టు ఏం తేల్చినా ఆ మాట చెరగదు. రాత్రంతా షెడ్డులో గోనెపట్టా మీద పడుకున్న ఆ మనిషిని చూస్తే సత్యవాణికి ఊరి మొత్తం మీద కోపం వచ్చింది.

సీమోను తిండి మానేసి గట్టు మీద కూర్చున్నాడు. ఏదో ఒకటి మాట్లాడించాలని, చివరిసారి మేత ఎప్పుడు వేశావని అడిగింది.

“శనివారం పొద్దున్న మామూలుగానే వేసేనండి. సాయంత్రం సగమే వేసేను. తెల్లారితే అమావాస్య కదండీ.”

సత్యవాణి లేచి నిలబడింది. చిన్నప్పుడు నాన్న కూడా సరిగ్గా ఆ మాటే అనేవాడు. ఫోను తీసి ఆదివారం ఫోటోలు మళ్ళీ ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూసింది. తర్వాత బంగారరాజుతో, నాలుగింటికి ఏడుగురూ ఫోన్లతో సహా ఈ గట్టు మీద ఉండాలని చెప్పింది.

నాలుగింటికి అందరూ వచ్చారు. కనకరత్నం స్కూటీ మీద అన్నం క్యారియర్ కూడా తెచ్చింది. లక్ష్మీదుర్గ భుజం చుట్టూ చెయ్యి వేసి నిలబడింది. షెడ్డు మెట్టు మీద పైడమ్మ, ఒళ్ళో గుడ్డసంచి.

“ఆదివారం పొద్దున్న పెట్టిన ఫోటోలు తియ్యండి” అంది సత్యవాణి. “ఒక్కొక్కరూ చదవండి, ట్రేలో ఏముందో.”

యామిని చదివింది. సగం మేత, ఖాళీ పెంకులు. రెండో ఆవిడ, మూడో ఆవిడ, నాలుగో ఆవిడ, అయిదో ఆవిడ. మేత మిగిలింది, పెంకులున్నాయి. కనకరత్నం వంతు వచ్చింది. ఆవిడ చదవలేదు.

“నేను చెబుతాను” అంది సత్యవాణి. “అమావాస్యకీ పున్నమికీ రొయ్య కుబుసం విడుస్తుంది. ఒళ్ళు మెత్తబడి మేత సరిగ్గా ముట్టదు. ట్రేలో గింజలు మిగులుతాయి, విడిచిన పెంకులు కనపడతాయి. ఇది మీ అందరికీ నాకంటే బాగా తెలుసు. అన్ని చెరువుల్లో జరిగింది మీ ఒక్క చెరువులో ఎందుకు జరగలేదండీ, కనకరత్నం గారూ?”

“మా చెరువు ఎప్పుడూ అంతేనండి” అంది కనకరత్నం. ఆ గొంతులో ఇంకా గర్వం ఉంది.

నిజమే, ఆవిడ గ్రూపులో పెట్టే ట్రే ఎప్పుడూ ఖాళీయే. అందుకే ఆ రోజు కూడా ఎవరూ రెండోసారి చూడలేదు.

సత్యవాణి చెయ్యి చాపింది. కనకరత్నం ఫోను ఇచ్చింది. గ్యాలరీలో ఆ ఫోటో ఉంది. తీసింది మంగళవారం ఉదయం 6.20కి. అమావాస్యకి అయిదు రోజుల ముందు. ఈలోపు బంగారరాజు స్కూటీ సీటు లేపాడు. లోపలి గుడ్డ పురుగుమందు కంపు కొడుతోంది.

“పోయిన పున్నమి నాటి ఫోటోలు కూడా ఇందులో ఉన్నాయి” అంది సత్యవాణి. “మేత మిగిలినవి, పెంకులున్నవి. వాటిలో ఏది పెట్టినా నేను పట్టుకోలేకపోయేదాన్ని. మీరు పెట్టలేకపోయేరు. అబద్ధంలో కూడా మీ చెరువే బాగుండాలి.”

కనకరత్నం చెయ్యి ఇంకా లక్ష్మీదుర్గ భుజం మీదే ఉంది. లక్ష్మీదుర్గ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తీసేసింది.

“మూడేళ్ళండి” అంది కనకరత్నం. ఎస్సైతో కాదు, గట్టుతో చెబుతున్నట్టు. “దీని ప్రతి ఏడుపూ నేనే విన్నాను. ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తేను. ఈ పంట చేతికొస్తోందని తెలిసిన వారం నుంచి నాకు ఫోనే లేదు. తల్లిని తెచ్చుకుంటున్నానని అందరితో కలిపి చెప్పింది. నాకు విడిగా ఒక్క మాట చెప్పలేదు.”

సత్యవాణి పదేళ్ళ సర్వీసులో పొలం గట్ల కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్ళని చూసింది. వాళ్ళ మీద కూడా ఇంత అసహ్యం కలగలేదు. చెయ్యి లేవకుండా ఉండడానికి ఆ ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

లక్ష్మీదుర్గ నెమ్మదిగా అడిగింది.

“ఆరు గంటల ఏడు నిమిషాలకి నాకు పువ్వు పెట్టేవు. ఎక్కడ నిలబడి పెట్టేవక్కా? ఇక్కడేనా?”

కనకరత్నం కళ్ళు చెరువు తూము వైపు వెళ్ళాయి. అందరూ అటే చూశారు. అప్పుడు కనకరత్నం ఏడుపు అందుకుంది. తిట్టవే అంది. నాలుగు తన్నవే, ఏడవవే, అలా చూడకే అంది.

“నా ఏడుపు నీకిక దక్కదు” అంది లక్ష్మీదుర్గ.

క్యారియర్ తీసి ఆవిడ చేతికిచ్చేసింది. బంగారరాజు కనకరత్నాన్ని జీపు దగ్గరికి నడిపించాడు. మిగిలిన అయిదుగురూ దారి ఇచ్చారు. ఒక్కరూ ఆవిడ మొహం వైపు చూడలేదు.

సత్యవాణి షెడ్డు మెట్టు దగ్గరికి వెళ్ళి పైడమ్మ ముందు కూర్చుంది. ఊళ్ళోవాళ్ళు కొందరు గట్టు కింద మూగి ఉన్నారు. వాళ్ళకి కూడా వినపడాలని గట్టిగానే చెప్పింది.

“అమావాస్య మీ అమ్మాయి పంట చంపలేదమ్మా. చంపినావిణ్ణి పట్టిచ్చింది.”

పైడమ్మ కూతురి వైపు చూసింది. లక్ష్మీదుర్గ వచ్చి ఒళ్ళోని గుడ్డసంచి తీసుకుంది. నిన్నటి నుంచి ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. తల్లి భుజం మీద తల పెట్టి, ఆ గడప దాటేదాకా ఏడుస్తూనే ఉంది.

ఆరింటి బస్సు వచ్చి చెరువు మలుపులో ఆగింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. సీమోను గట్టు మీది నుంచి లేచి, ఎవరూ లేరు, పొమ్మని చెయ్యి ఊపాడు.