కమాండెంటు ఇంటి గుమ్మం

అమెరికాలోని మిస్సోరీ సీసపు గనుల పక్కన, షాపెల్ వాగు ఒడ్డున, దుంగలు నిలువునా పాతి కట్టిన పాడుబడ్డ ఇల్లొకటి ఉంది. ఏటా డిసెంబరు ముప్ఫై ఒకటి రాత్రి అందులో దీపం వెలుగుతుందట. ఒకప్పుడు ఆ సీమనేలిన ఫ్రెంచి రాజుగారి కమాండెంటు దెయ్యమై లోపల తిరుగుతాడట. నలభై ఏళ్లుగా కొత్త సంవత్సరం పాటగాళ్లు ఆ గుమ్మం తొక్కలేదు.

మిగతా ఇళ్లన్నిటికీ వెళ్తారు. ముఖాలకు గుడ్డలు కట్టుకుని, గుమ్మం ముందు ఫ్రెంచి పాట పాడతారు. ఇంటివాళ్లు వాళ్లెవరో పోల్చుకుని, లోపలికి పిలిచి తిండి పెట్టాలి. ఆ పాటకు అర్థం మాత్రం జట్టులో ఒక్కడికీ తెలియదు. అన్నీ చిలకపలుకులే!

జట్టుకు పెద్ద లియాండర్ టిబో. నీలం కోటు, తగరపు గుండీలు. తన ఒంట్లో రాజుగారి ఆఫీసర్ల రక్తం పారుతోందని పొద్దస్తమానం గొప్పలు. ముత్తాత సీసం తవ్విన కూలీ అన్న సంగతి అతని దగ్గర ఎత్తకూడదు.

ఆ ఏడు అదే రాత్రి బార్‌లో జట్టులోని అర్సెన్ పొలిట్ అందరి ముందూ అడిగేశాడు.

"అంత రక్తముంటే కమాండెంటుగారికి ఓ పాట పాడి రారాదుట్రా? భయమైతే ఆ కోటు ఇలా విప్పు. జట్టుకి ఇకనుంచి నేనే పెద్ద."

ఇరవై ఏళ్ల పెద్దరికం! లియాండర్ గ్లాసు ఖాళీ చేసి లేచాడు.

వాగు దాటేసరికి... నిజంగానే దీపం. కిటికీ సందులోంచి, సన్నగా.

గుడ్డ వెనకనుంచే పాడాడు. చివరి చరణం సగం మింగేశాడు.



తర్వాత — తలుపు వెనకనుంచి ఒక గొంతు. ఆడో మగో తెలియలేదు. ఫ్రెంచిలో, మెల్లగా, ఏదో అడిగింది.

లియాండర్ నోరు తెరిచాడు. అర్థమైతే కదా జవాబివ్వడానికి!

మళ్లీ అదే ప్రశ్న...

మూడోసారి గొంతు తలుపు దగ్గరికే వచ్చింది. గడియ కదిలింది —

రాజుగారి రక్తమంతా కాళ్లలోకి దిగింది. టోపీ ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

"ఏడడుగుల మనిషి! చేతిలో కత్తి! నాకు ఆజ్ఞ ఇచ్చాడు!" అన్నాడు బార్‌లో, రొప్పుతూ.

"ఏమని?" అన్నాడు అర్సెన్.

"అది... సైనిక రహస్యం."

కోటు దక్కింది.

తెల్లారి జనవరి ఒకటి. ఆ రోజు ఎంత వయసొచ్చినవాళ్లయినా కన్నవాళ్ల ముందు మోకరిల్లి దీవెన తీసుకుంటారు. లియాండర్ తల్లి ఓడీల్ ఇంటికి వెళ్లి మోకాళ్లూనాడు. తలెత్తి చూస్తే — బల్ల మీద తన టోపీ.



"కమాండెంటూ లేడు, గాడిదగుడ్డూ లేదు. సీసం కూలీల ఇల్లురా అది, నేను పుట్టిందీ అక్కడే. నువ్వెప్పుడైనా అడిగావా?" అంది ఓడీల్. "పాటగాళ్లొచ్చే రాత్రి అక్కడ దీపం ఆరకూడదని మా అమ్మ మాట తీసుకుంది. నలభై ఏళ్లుగా కోడి పులుసు కాచుకుని కూర్చుంటున్నా. ఒక్క వెధవా రాలేదు."

"నీ గొంతని పోల్చుకోలేదమ్మా..."

"ఎలా పోలుస్తావు? ఆ భాషలో నా గొంతు నువ్వెప్పుడు విన్నావు కనక! బళ్లో ఇంగ్లీషు కాక అది మాట్లాడితే పంతులమ్మ మొక్కజొన్న గింజల మీద మోకాళ్లేయించేది. ఆ బాధ నీకొద్దని నీ దగ్గర ఒక్క ముక్కా మాట్లాడలేదు."

లియాండర్ లేవలేదు. "రాత్రి... ఏమడిగావమ్మా?"

ఓడీల్ టోపీ దుమ్ము దులిపి కొడుకు నెత్తిన పెట్టింది.

"ఆచారం ప్రకారం అడగాల్సిందే అడిగాను. ఎవరబ్బాయివి నాయనా, అని. మూడుసార్లు."