నాన్న బొటనవేలు

పొద్దున్నే వెనక గదిలో కూతురు అదే సన్నివేశాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. ఎడిటర్‌గా ఆమెకిది మొదటి సినిమా. తెరమీద ఒక అమ్మాయి తండ్రిని నిలదీస్తుంది, ఆయన వింటాడు. చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మనసుకు మాత్రం పట్టడం లేదు. డైరెక్టర్, మధ్యాహ్నం తను వచ్చేసరికి కుదరకపోతే సినిమా ఇంకొకరికి ఇచ్చేస్తానని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

నాన్న కాఫీ కప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జీవితమంతా సినిమాలు ఎడిట్ చేసి రిటైరైన మనిషి. షాట్ ఎక్కడ తెంచాలో అక్కడ ఆయన బొటనవేలు కప్పునో కుర్చీనో దానంతటదే నొక్కుతుంది. అమ్మ ఫోన్లో చుట్టాలతో మాట్లాడుతున్నప్పుడు కూడా నొక్కుతుందని ఆవిడ ఫిర్యాదు.

"తొందరపడుతున్నావమ్మా."

"ఎక్కడ?"

"ఎక్కడంటే... నువ్వే చూడు."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. లేచి విసురుగా వంటింట్లోకి వెళ్లింది. నాన్న వెనకే వచ్చాడు.

"చిన్నప్పట్నుంచీ నువ్వే చూడు, నువ్వే చూడు! ఒక్కసారైనా కారణం చెప్పావా నాన్నా? నాకు నేర్పడం నీకిష్టం లేదు. అంతేగా?"

"ఏంటే ఆ మాటలు!" అమ్మ గరిటె పక్కన పడేసింది.

ఆమె ఆగలేదు. నోటికొచ్చిందల్లా అనేసింది. అంటున్నంతసేపూ స్టవ్ పక్కనున్న తడిగుడ్డనే చూస్తూ ఉంది. మాటలన్నీ అయిపోయాక, ఇంకాసేపటికి తలెత్తింది. నాన్న ముఖం పాలిపోయి ఉంది.

"తెలిస్తే చెప్పనా తల్లీ? నాకూ తెలీదు. చెయ్యి ఆగుతుంది, అంతే. దాన్ని నీకెలా ఇవ్వాలో తెలీక నా దగ్గరే ఉండిపోయింది," అన్నాడాయన మెల్లగా.

ఆ ముఖాన్ని తను ఇంత ఆలస్యంగా ఎందుకు చూసింది? తిడుతూ చూసే ధైర్యం లేక. మరి సినిమాలో? అమ్మాయి నోరు తెరిచినప్పుడల్లా తను తండ్రి ముఖం చూపించేసింది.

గబగబా గదిలోకి వెళ్లి తండ్రి షాట్లన్నీ తీసేసింది. మాటలైపోయాక కూడా అమ్మాయి మీదే ఆగింది. ఆఖర్న, ఒక్కసారే, తండ్రిని పెట్టింది.

"నాన్నా, ఒకసారి రావా?"

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. అలక లేదు, ఏమీ లేదు. తెరమీద అమ్మాయి అరిచింది, అలిసిపోయింది, ఊరికే నిలబడింది. కూతురు తెర చూడటం మానేసి కుర్చీ చేతిమీదున్న ఆయన బొటనవేలినే చూస్తోంది. అది నొక్కింది. తలెత్తి చూస్తే తెరమీద అప్పుడే తండ్రి ముఖం.

నాన్న కళ్లు తుడుచుకున్నాడు. "ఇక మీ డైరెక్టర్‌ని రానీ," అన్నాడు. తెరవైపు చూపిస్తూ అడిగాడు: "అవునూ, అంతసేపు ఆగి సరిగ్గా అక్కడే ఎందుకు తెంచావు?"

ఆమె ఆయన భుజం మీద తల పెట్టి, ఏడుస్తూనే నవ్వేసింది.

"ఏమో నాన్నా. చెయ్యి ఆగింది."