భద్రం వైపు

ఆటోనగర్ క్యాంటీన్‌లో భోజనాల వేళ బల్లల కిందికి తొంగిచూస్తే అందరి కుడి బూట్లూ విప్పేసి ఉంటాయి. జంటనేత వచ్చినప్పటి నుంచీ ఇంతే. ఆ యంత్రం ఎడమ పాదాన్ని కొలిచి, ఆ కొలతనే తిరగేసి కుడి పాదానికీ అల్లేస్తుంది. మనిషికి రెండు పాదాలూ ఒక్కలా ఉండవని అందరికీ తెలుసు. కానీ సగం కొలతతో, సగం సమయంలో కొత్త జోడు చేతికొస్తుంటే బొటనవేలు కాస్త నొక్కుకుపోవడాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కుర్చీలు, కళ్ళజోళ్ళు, పడవలు, కార్లు, అన్నీ ఇప్పుడు అలాగే తయారవుతున్నాయి.

జంటనేత నడిపే ప్రసూన చెయ్యి కడుక్కుని, బూటు తొడుక్కుని వర్క్‌షాపులోకి వచ్చేసరికి నేతగది తలుపు తెరుచుకుని ఉంది. లోపల, కార్బన్ నారతో అల్లిన మడ్‌గార్డు నల్లగా మెరుస్తోంది. ఒకప్పటి స్పోర్ట్స్ కారుకి కుడివైపు ముందు చక్రం మీద కూర్చోవలసిన భాగం అది. కారు యజమాని ఖాజావలి అప్పటికే దాని పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని ఎత్తారు. చేటంత బరువు కూడా లేదు. తీసుకెళ్ళి కారుకి ఆనించారు. చక్రం దగ్గర సరిపోయింది. డోరు దగ్గరికి వచ్చేసరికి సందు మిగిలింది.

ఖాజావలి ఆ సందులో వేలు పెట్టి చూశాడు. "ఇది కూడా మా భద్రంగాడిలాగే ఉందమ్మాయ్. చూడటానికి గొప్ప. కూర్చోబెడితే కూర్చోదు."

ప్రసూన యంత్రాన్ని కారణం అడిగింది. 'భాగంలో లోపం లేదు. వాహనంలో ఉంది. కుడి చట్రాన్ని ఎడమ చట్రానికి సమం చేయవలెను' అని చూపుపలక మీద అక్షరాలు వచ్చాయి.

అందులో వింత లేదు. విదేశీ కంపెనీ చేసిన ఆ రెండు సీట్ల కారు తుప్పుపట్టి పాత ఇనుములోకి పోతుంటే, పడుచువాళ్ళుగా ఉన్న ఖాజావలీ వీరభద్రమూ తెచ్చుకున్నారు. అప్పుడు వాళ్ళిద్దరికీ ఈ ఆటోనగర్‌లోనే టింకరింగ్ షెడ్డు ఉండేది. లారీలకు బాడీ కట్టే చేతులతోనే, తుప్పు తినేసిన ముందు చట్రాన్నీ మడ్‌గార్డులనూ సుత్తితో రేకు కొట్టి కొత్తగా కట్టారు. ఎడమవైపు ఖాజావలి, కుడివైపు భద్రం. ఎవరి పని బాగుందో తేల్చుకుందామని మధ్యలో గోనెపట్టా కట్టుకుని మరీ కొట్టారు. ఆ పందెం ఇప్పటికీ తేలలేదు.

మొన్నటి వానకు పాత షెడ్డు గోడ కూలి కుడి మడ్‌గార్డు నుజ్జయింది. నలిగిన రేకును కూడా జంటనేత మడత మడతా విప్పి చదవగలదు, కాకపోతే రోజులు పడుతుంది. ప్రసూన ఆ సంగతి చెప్పి, ఏ వైపు కొలవమంటారని ముందే అడిగింది.

"ఇంకా అడుగుతావేంటమ్మా! నా వైపే కొలువు. వాడిదంతా సొట్టలు," అని నవ్వాడు ఖాజావలి. నలిగిన రేకు నిబంధన ప్రకారం కొలిమికి పోయింది.

"మరి చట్రం కూడా సరిచేసేదా, తాతగారూ?" అంది ప్రసూన ఇప్పుడు.

"చెయ్యి. ముద్ర లేకపోతే బండి కదలనివ్వరు కదా. బందరు సముద్రం దాకా తీసుకెళ్తానని వాడికి మాటిచ్చాను. పక్షవాతం వచ్చాక గుమ్మం దాటలేదు వాడు."

రోడ్ల మీద ఇప్పుడు బండ్లను మనుషులు నడపడం తక్కువ. ఎదురొచ్చే బండిని దాని ఆకారాన్ని బట్టి బండే గుర్తుపట్టి తప్పుకుంటుంది. సగం చూసి మిగతా సగం ఊహించుకుంటుంది కనుక, రెండు సగాలూ ఒక్కటేనని సమతాముద్ర ఉంటేనే ఏ బండికైనా దారి. ప్రసూన ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. యంత్రం చెప్పింది చెప్పినట్టు శ్రద్ధగా చేయడమే తన చదువుకు న్యాయం అనుకునేది. అలాగే చేసింది. సాయంత్రానికి మడ్‌గార్డు అతికినట్టు కూర్చుంది. ఎర్రరంగు వేశాక ఏది రేకో ఏది నారో తెలియలేదు. ముద్ర కూడా వచ్చింది.

మర్నాడు ఉదయం భద్రం వచ్చాడు. ఎడమచేత్తో కర్ర పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ కారు దగ్గరికి నడిచాడు. కర్రను గోడకు ఆనించి, ఎడమ అరచేతిని కొత్త మడ్‌గార్డు మీద ఆనించి మెల్లగా నిమిరాడు. డోరు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఒరేయ్ ఖాజా, ఇది నీ రేకురా."

"రేకు కాదురా, నార. తుప్పు పట్టదు. ఎక్కు, బందరు పోదాం."

"నా వైపేది?"

ఖాజావలి నవ్వబోయి ఆగాడు. భద్రం ముఖంలో నవ్వు లేదు.

"ఎన్ని లారీలకు కట్టుంటాంరా మనం? అన్నీ కొలిమికి పోయాయి. నేను చేసింది ఈ లోకంలో ఆ ఒక్క రేకే మిగిలి ఉండేది. ఈ చేత్తో ఇంకోటి చెయ్యలేను." చచ్చుబడిన కుడిచేతి వైపు చూసుకున్నాడు. "నువ్వు పోయిరా. రెండు వైపులూ నీవేగా."

కర్ర అందుకుని వెళ్ళి, గేటు దగ్గర ఇంటికి పోయే బండి కోసం నిలబడ్డాడు. ఖాజావలి మడ్‌గార్డు మీద భద్రం చెయ్యి ఆగిన చోట తన చెయ్యి పెట్టి చూశాడు.

"దీన్ని విప్పెయ్యమ్మా," అన్నాడు.

"ముద్ర పోతుంది తాతగారూ. మళ్ళీ రాదు. బండి ఇక్కడే ఉండిపోతుంది."

"ఉండనీ."

ప్రసూన గేటు దగ్గరికి వెళ్ళింది. "తాతగారూ, యంత్రంతో కాదు, చేత్తోనే చేద్దాం. మీరు చెప్పండి, నేను చేస్తాను."

"నాకేం గుర్తుందమ్మా? చెయ్యి దాని పాటికది చేసుకుంటూ పోయింది. నేను చూళ్ళేదు."

"నాకు గుర్తుందిలేరా," అన్నాడు వెనక నుంచి ఖాజావలి. "నీ సొట్టలు నాకు తెలియకపోతే ఎవడికి తెలుస్తాయి? రా, వచ్చి కూర్చో."

కొత్త మడ్‌గార్డు విప్పేసి, సరిచేసిన చట్రాన్ని మళ్ళీ వేలు వెడల్పు బయటికి వంచారు. దాని మీద బంకమట్టితో ఆకారం ఎత్తడం మొదలుపెట్టింది ప్రసూన. భద్రం స్టూలు మీద కూర్చున్నాడు. ఖాజావలి మట్టి మీద వేలితో గీస్తూ తిరిగాడు.

"ఇక్కడ సుత్తి జారిందమ్మా వీడికి. గుంట పెట్టు. పావలా కాసంత. కాదు, ఇంకా లోతు."

"అంత లోతెక్కడిదిరా?"

"వానాకాలం అందులో నీళ్ళు నిలిచేవి. పిచ్చుకలు తాగేవి. ఇదిగో, ఈ అంచు పాము పాకినట్టుంటుంది. తిన్నగా కొట్టరా అంటే, గాలికి మంచిదన్నాడు ఈ పెద్దమనిషి."

"మంచిదే. ఆ మాట ఇప్పుడూ అంటాను."

ఇన్నేళ్ళూ ఎగతాళి చేసిన ప్రతి తప్పునూ ఖాజావలి చోటు తప్పకుండా చూపించాడు. ప్రసూన వాటిని మట్టిలో దిద్ది, దాని మీద అచ్చు తీసింది. అచ్చులో నారగుడ్డ పొర మీద పొర పరిచి, రెజిన్ జిగురు పూసి, గాలిబుడగ లేకుండా రోలరుతో ఒత్తింది. గట్టిపడ్డాక విప్పి, అంచులు కోసి, నునుపు చేసి కారుకు బిగించింది. యంత్రం కొలతవెలుగు దాని మీదుగా ఒకసారి పాకింది. లోపాల వరుస చూపుపలక నిండిపోయింది. సమతాముద్ర రద్దయింది. ఆమె ఆ సంగతి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పింది.

భద్రం లేచి మళ్ళీ చేత్తో చూడసాగాడు. గుంట దగ్గర వేలు ఆగింది. పాము అంచు దగ్గర చిన్నగా నవ్వాడు. చక్రం పైన, మడ్‌గార్డు మెడలా వంగి లేచే చోట మాత్రం చెయ్యి వెనక్కి తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఈ ఎత్తు ఎవరు పెట్టమన్నారమ్మా?"

"మీరు లేనప్పుడు ఖాజా తాతగారే వచ్చి మట్టి వేశారు. ఏమీ చెప్పలేదు."

"ఒరేయ్, అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదేరా. రేకు సాగిపోయి ఉబ్బింది. ఎప్పుడు వెక్కిరిస్తావా అని చూశాను. ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నువ్వు చూడలేదనుకున్నా."

ఖాజావలి చేతులకంటిన దుమ్మును గుడ్డతో తుడుచుకున్నాడు.

"అది తప్పని నాకు తెలియదురా," అన్నాడు తల ఎత్తకుండా. "నా వైపు కూడా అలా తేవాలని చాలాసార్లు కొట్టాను. రాలేదు."

"మరి చెప్పవేంరా ఇన్నేళ్ళూ?"

"చెబితే నువ్వు ఆగేవాడివా? ఆటోనగరంతా టముకేసేవాడివి."

"వెయ్యనా మరి?" భద్రం ప్రసూన వైపు తిరిగాడు. "అమ్మాయ్, విన్నావుగా. సాక్ష్యం నువ్వే."

"విన్నాను తాతగారూ."

భద్రం డోరు తీసి, కుడికాలిని ఎడమచేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, సీట్లో కూర్చున్నాడు. వర్క్‌షాపు గోడకు ఎదురుగా, ఎక్కడికీ వెళ్ళలేని కారులో.

"ఎక్కరా," అన్నాడు. "మళ్ళీ చెప్పు, ఎన్నిసార్లు కొట్టావు?"